అందని అడ్రసులు

విశాఖపట్నం హార్బరు 1933లో మొదలైంది. అంతకు చాలా ముందునుంచే దానికి ఉత్తరాన ఉన్న భీమునిపట్నం పేరున్న రేవు. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్లు వచ్చి అక్కడ వర్తకం పెట్టారు. 1825లో ఇంగ్లీషువాళ్లకు అప్పగించి వెళ్లిపోయారు. చుట్టుపక్కల పల్లెల్లో పండే గోగునారకు ఈ రేవు మూలంగానే విదేశీ మార్కెట్లో బిమ్లి జూట్ అన్న పేరొచ్చింది. ఇంత వ్యాపారం నడిచిన రేవులో ఓడ ఒడ్డుకు ఆని నిలబడే చోటు మాత్రం లేదు. ఒడ్డు దగ్గర లోతు చాలదు, పైగా అలలు విరిగే తీరం. అందుకని ఓడలు దూరాన లోతు నీళ్లలో లంగరు వేసేవి. మూటల్ని ఒడ్డున మసూలా పడవల్లోకి ఎక్కించి, అలలు దాటించి, ఓడ పక్కన మళ్లీ పైకి చేర్చేవాళ్లు. ఆ పడవల పలకల్ని మేకులతో బిగించరు, కొబ్బరి తాళ్లతో కుడతారు. అల కొడితే వంగుతాయి గానీ విరగవు. ప్రతి మూటనూ రెండుసార్లు ఎత్తాలి, రెండుసార్లు దించాలి. కూలీ ఎక్కువే, ఆలస్యమూ ఎక్కువే. అయినా వ్యాపారం సాగింది. కాకినాడ యాంకరేజి రేవులో బార్జీలు ఇప్పటికీ ఇదే పని చేస్తున్నాయి.

కంప్యూటర్లో ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డున ఉండే కెర్నెల్ కూడా సరిగ్గా ఈ పనే చేస్తుంది. అక్కడ ఒడ్డుకు రాలేని ఓడ ఒక నెట్‌వర్క్ కార్డు కావచ్చు, ఒక డిస్క్ కంట్రోలర్ కావచ్చు. సరుకు మెమరీలో ఒకచోట ఉంటుంది, కార్డు చెయ్యి అక్కడిదాకా సాగదు. మధ్యలో ఒక చిన్న స్థలాన్ని కేటాయించి, సరుకును అక్కడికి తెచ్చి, అక్కడినుంచి కార్డుకు అందిస్తారు. దాన్ని బౌన్స్ బఫర్ అంటారు. ఈ అధ్యాయమంతా దాని చుట్టూ, దాని చుట్టాల చుట్టూ తిరుగుతుంది.

మొదట చెయ్యి ఎందుకు సాగదో చూద్దాం. డిస్క్ నుంచి ఒక ఫైలు చదవాలంటే ప్రాసెసర్ ఒక్కో బైటునూ స్వయంగా తెచ్చుకోవచ్చు. తొలినాటి యంత్రాల్లో అలాగే జరిగేది. కానీ డిస్క్ నిదానమైనది, ప్రాసెసర్ చురుకైనది. ఒక్కో బైటు కోసం ప్రాసెసర్ కాపలా కాయడం శుద్ధ దండగ. అందుకే పరికరానికే మెమరీలోకి రాసే హక్కు ఇచ్చారు. దీన్ని డీఎంఏ అంటారు. ప్రాసెసర్ "ఫలానా అడ్రసు నుంచి 4,096 బైట్లు పెట్టు, అయ్యాక పిలువు" అని చెప్పి తన పని తాను చూసుకుంటుంది. పరికరం ఆ అడ్రసును బస్ మీద పంపి డేటాను మెమరీలో పెట్టేస్తుంది.

బస్ అంటే వరసగా పరచిన తీగలు, వాటిని వాడుకునే కట్టుబాట్లు. అడ్రసు తీగలు 24 ఉంటే 1,67,77,216 బైట్ల వరకే పేరు పెట్టి పిలవగలం, అంటే 16 మెగాబైట్లు. 32 ఉంటే 4 గిగాబైట్లు. పరికరం తయారైన రోజున ఎన్ని తీగలు వేశారో ఆ లెక్క దానికి జన్మంతా ఖాయం. యజమాని ఆ తరవాత కంప్యూటర్లో ఎంత మెమరీ పెంచినా పరికరానికి అందేది అంతే.

అందని చోటికి పంపితే ఏమవుతుంది? పరికరం "నా వల్ల కాదు" అంటుందని మనం అనుకుంటాం. అనదు. ఒక ఉదాహరణ. మెమరీలో సరిగ్గా 5 గిగాబైట్ల దగ్గర ఒక బఫర్ ఉంది. ఆ అడ్రసును పదహారు మూలపు సంఖ్యల్లో రాస్తే 1 4000 0000. ఇది 33 బిట్ల సంఖ్య. కార్డుకు 32 తీగలే ఉన్నాయి. ముందున్న ఆ 1కి తీగ లేదు కనుక అది రాలిపోతుంది. మిగిలింది 4000 0000, అంటే 1 గిగాబైటు దగ్గరి చోటు. కార్డు తనకు వచ్చిన ప్యాకెట్‌ను శుభ్రంగా అక్కడ రాసేస్తుంది, పని అయిపోయిందని కబురు కూడా పంపుతుంది. అక్కడ ఎవరి డేటా ఉందో దానికి తెలియదు. ఒక ప్రోగ్రాం వేరియబుల్ కావచ్చు, మీరు ఇంకా సేవ్ చెయ్యని ఉత్తరం కావచ్చు, ఏకంగా కెర్నెల్ సొంత పట్టికే కావచ్చు. ఆ క్షణంలో ఎక్కడా ఎర్రర్ కనిపించదు. ఎప్పుడో, ఏ సంబంధమూ లేని చోట యంత్రం కూలిపోతుంది. డ్రైవర్లు రాసేవాళ్లకు రాత్రుళ్లు నిద్ర లేకుండా చేసే తప్పుల్లో ఇది ముందు వరసలోది.

ఈ కథ ఐబీఎం పీసీ పుట్టిన 1981 నుంచీ ఉంది. దాంట్లో డీఎంఏ పనికి ఇంటెల్ 8237 చిప్పు వాడారు. అది 8 బిట్ల ప్రాసెసర్ల కాలానికి చేసింది, 16 బిట్ల అడ్రసు వరకే లెక్కపెట్టగలదు. అంటే 64 కిలోబైట్లు. పీసీకి అప్పుడు 20 బిట్ల అడ్రసు ఉంది. మిగతా నాలుగు బిట్ల కోసం ఐబీఎం ఇంజనీర్లు పక్కన ఒక చిన్న పేజీ రిజిస్టర్ తగిలించారు. చౌకలో అయిపోయింది, పని జరిగింది. కానీ ఆ రెంటికీ మధ్య లంకె లేదు. చిప్పులోని లెక్క 65,535 దాటితే సున్నాకు తిరిగిపోతుందే తప్ప పేజీ రిజిస్టర్‌కు ఒకటి కలవదు. కాబట్టి ఒక పేజీలో 64,000 దగ్గర మొదలయ్యే 4,000 బైట్ల బఫర్ ఇస్తే మొదటి 1,536 బైట్లు సరైన చోట పడతాయి. మిగిలిన 2,464 బైట్లు అదే పేజీ మొదటికి వెళ్లి అక్కడున్న వాటిని తుడిచేస్తాయి. ఫ్లాపీ డ్రైవర్ రాసినవాళ్లంతా ఈ 64 కిలోబైట్ల గీతను గుర్తుపెట్టుకుని, బఫర్ దాన్ని దాటకుండా కాచుకోవలసి వచ్చేది.

1984లో వచ్చిన పీసీ ఏటీ ఆ హద్దును 24 బిట్లకు పెంచింది. 16 మెగాబైట్లు ఆ రోజుల్లో ఎవరి ఇంట్లోనూ లేవు. పదేళ్లు తిరిగేసరికి ఉన్నాయి. అడాప్టెక్ 1542 అనే స్కజీ డిస్క్ కార్డు ఆ కాలంలో బాగా అమ్ముడుపోయింది. దానికి 24 తీగలే. 32 మెగాబైట్ల యంత్రంలో ఆ కార్డును పెడితే సగం మెమరీ దానికి కనిపించదు.

లినక్స్ కెర్నెల్ దీనికి రెండు ఉపాయాలు పట్టింది. మొదటిది ముందుజాగ్రత్త. మెమరీలోని మొదటి 16 మెగాబైట్లను ప్రత్యేక జోన్‌గా విడదీసి, మామూలు ప్రోగ్రాములకు చివరి గత్యంతరంగా తప్ప ఇవ్వకుండా దాచిపెట్టడం. డ్రైవర్ వచ్చి "నాకు అందేచోట కావాలి" అని అడిగితే అందులోంచి ఇస్తారు. మీ పీసీలో పీసీ ఏటీ కాలం నాటి ఆ పాత బస్ స్లాటు ఉండి ఉండదు. అయినా ఆ 16 మెగాబైట్ల జోన్ ఇవాళ్టి కెర్నెల్లోనూ ఉంది.

రెండోది బౌన్స్ బఫర్. అన్ని బఫర్లనూ డ్రైవరే కేటాయించదు కదా. మీరు ఒక ఫైలు కాపీ చేస్తున్నారనుకోండి. ఆ డేటా మీ ప్రోగ్రాం మెమరీలో, ఎక్కడో ఎత్తున ఉంటుంది. దాన్ని పరికరానికి ఇమ్మన్నప్పుడు కెర్నెల్ అడ్రసు చూస్తుంది. పరికరానికి అందుతుందా? అందితే నేరుగా ఇస్తుంది. అందకపోతే కింది మెమరీలో కాస్త చోటు తీసుకుని, ప్రాసెసర్ చేత డేటాను అక్కడికి కాపీ చేయించి, ఆ అడ్రసును పరికరానికి ఇస్తుంది. డేటా లోపలికి వచ్చేటప్పుడు వరస తిరగబడుతుంది: పరికరం కింద రాస్తుంది, పని అయ్యాక కెర్నెల్ దాన్ని పైకి కాపీ చేస్తుంది. ప్రోగ్రాంకు ఇదేమీ తెలియదు. డ్రైవర్‌కు కూడా పెద్దగా తెలియదు. నాకు ఈ ఏర్పాటులో నచ్చేది ఇదే. కష్టమంతా ఒక్కచోట, ఒక్కసారి పడ్డారు. వందలాది డ్రైవర్లు ఒక్కొక్కటీ తన సొంత లెక్క వేసుకుని తప్పుచేసే అవస్థ తప్పింది. నెట్‌బీఎస్‌డీ, ఫ్రీబీఎస్‌డీ కెర్నెల్స్‌లో బస్ డీఎంఏ అనే భాగం, విండోస్ ఎన్‌టీలో మ్యాప్ రిజిస్టర్లు అన్న ఏర్పాటు కూడా ఇదే ఆలోచనకు వేర్వేరు రూపాలు.

పీసీఐ బస్ 1992లో వచ్చింది, 32 బిట్లు. నాలుగు గిగాబైట్లు ఎవరికి కావాలి అన్న ధీమా మళ్లీ ఒక పదేళ్లు నడిచింది. ఏఎమ్‌డీ ఆప్టెరాన్ 2003లో 64 బిట్ల ప్రాసెసర్‌ను మామూలు సర్వర్లలోకి తెచ్చాక నాలుగు దాటిన మెమరీ మామూలైపోయింది. ఆప్టెరాన్‌లో ఒక సౌకర్యం ఉంది. గ్రాఫిక్స్ కోసం పెట్టిన అడ్రసు మార్పిడి పట్టికను మిగతా పరికరాలకూ వాడుకోవచ్చు. పరికరం పంపే 32 బిట్ల అడ్రసును దారిలో పట్టుకుని, పట్టిక చూసి, అసలు పై అడ్రసుకు మార్చి పంపుతుంది. కాపీ అక్కర్లేదు. ఇలాంటి మార్పిడి చేసే హార్డ్‌వేర్‌ను ఐఓఎంఎంయూ అంటారు, ఇప్పుడు చాలా యంత్రాల్లో ఉంది. ఇంటెల్ 2004లో దింపిన 64 బిట్ల జియాన్‌లో మాత్రం అది లేదు. లినక్స్ వాళ్లు ఇటానియం అనే ప్రాసెసర్ కోసం అంతకుముందే రాసిపెట్టుకున్న బౌన్స్ బఫర్ల కోడును తెచ్చి అక్కడ వాడారు. దాని పేరు స్విఓటీఎల్‌బీ. హార్డ్‌వేర్ చెయ్యాల్సిన అడ్రసు మార్పిడిని సాఫ్ట్‌వేర్‌లో కాపీలతో నెగ్గుకొచ్చే కోడు అది.

దాని లోపలి లెక్కలు కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇబ్బంది ఎక్కడ వస్తుందో అక్కడే తెలుస్తుంది. యంత్రం లేవగానే కింది మెమరీలో 64 మెగాబైట్లు పక్కకు తీస్తుంది. దాన్ని 2 కిలోబైట్ల ముక్కలుగా కోస్తుంది. ఒక్కో పనికి వరసగా 128 ముక్కలకు మించి ఇవ్వదు, అంటే ఒకసారికి 256 కిలోబైట్లే. పరికరాలు ఒక్కసారిగా ఎగబడితే ఆ 64 మెగాబైట్లు చాలవు. అప్పుడు స్విఓటీఎల్‌బీ బఫర్ నిండిపోయిందని కెర్నెల్ లాగ్‌లో ఒక వరస పడుతుంది. సర్వర్లు చూసుకునేవాళ్లకు ఆ వరస సుపరిచితం. డిస్క్ పని అక్కడ ఆగుతుంది లేదా మళ్లీ మొదలవుతుంది. అయినా 4000 0000 దగ్గర ఎవరిదో డేటా నిశ్శబ్దంగా చెరిగిపోవడం కంటే ఇది ఎంతో నయం.

ఇదంతా ఒక్క మాట మీద నిలబడి ఉంది. పరికరం తన హద్దు ఎంతో ముందే చెప్పాలి. లినక్స్‌లో ప్రతి డ్రైవర్ మొదలవగానే డీఎంఏ మాస్క్ అనే సంఖ్యను కెర్నెల్‌కు ఇస్తుంది: నా పరికరం 64 బిట్ల అడ్రసు పంపగలదు, లేదా 32, లేదా 24. ఆ ఒక్క సంఖ్యను బట్టే బౌన్స్ చెయ్యాలా వద్దా అన్నది తేలుతుంది. సంఖ్య చిన్నదైతే పని నెమ్మదిస్తుంది, అంతే. సంఖ్య తప్పైతే డేటా పోతుంది. హద్దు చిన్నదైనంత మాత్రాన ఏ పరికరాన్నీ నేను తప్పుపట్టను. హద్దును ఉన్నదున్నట్టు చెప్పని హార్డ్‌వేరే నా దృష్టిలో దోషి. ఈ తేడా ఎంత పెద్దదో రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డు బాగా చూపించింది.

విశాఖ నుంచి భీమునిపట్నం వెళ్లే దారిలోనే కాదు, రాష్ట్రంలో ఏ ఇంజనీరింగ్ కాలేజీ ప్రాజెక్టు ల్యాబుకు వెళ్లినా ఈ బోర్డు కనిపిస్తుంది. 2019 జూన్‌లో పై 4 వచ్చింది, మొదటిసారిగా 4 గిగాబైట్ల మెమరీతో. దీంట్లో యూఎస్‌బీ పోర్టులు వీఎల్805 అనే చిప్పు నుంచి వస్తాయి. అది ప్రాసెసర్ చిప్పుకు పీసీఐ ఎక్స్‌ప్రెస్ ద్వారా తగిలి ఉంటుంది. యూఎస్‌బీ చిప్పు సామర్థ్యం సంగతి అలా ఉంచండి. దాని మాట మెమరీకి చేరాలంటే బ్రాడ్‌కామ్ 2711 చిప్పులోని బ్రిడ్జి దాటాలి. మొదట్లో వచ్చిన చిప్పుల్లో ఆ బ్రిడ్జి మొదటి 3 గిగాబైట్లకు మించి పోలేదు. అది హార్డ్‌వేర్ లోపం, ఆ తరవాతి చిప్పుల్లో సరిదిద్దారు. చిక్కేమిటంటే డ్రైవర్‌కు ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు. డ్రైవర్‌కు తెలిసింది యూఎస్‌బీ చిప్పు గురించే. దారిలో ఉన్న బ్రిడ్జి సంగతి బోర్డుకే తెలుసు.

2019 అక్టోబరులో వచ్చిన ఉబుంటు లినక్స్ 19.10, 64 బిట్ల వెర్షన్‌ను 4 గిగాబైట్ల పై 4 మీద వేసినవాళ్లకు యూఎస్‌బీ పోర్టులు పనిచెయ్యలేదు. కీబోర్డు లేదు, మౌస్ లేదు. తాత్కాలిక ఉపాయంగా ఇచ్చిన సలహా ఏమిటంటే సెట్టింగుల ఫైలులో మొత్తం మెమరీ 3072 మెగాబైట్లే అని రాయమని. నాలుగింటికి డబ్బు పెట్టి కొన్నవాళ్లు మూడింటితో సరిపెట్టుకుంటేనే కీబోర్డు కదిలింది. బౌన్స్ బఫర్లు తయారుగా లేని చోట మిగిలే దారి అదే: అందని మెమరీ అసలు లేదనుకోవడం.

ఈ బోర్డులో ఇంకో హద్దు కూడా ఉంది. పాత పై బోర్డుల నుంచి వారసత్వంగా వచ్చిన కొన్ని పరికరాలు మొదటి 1 గిగాబైటునే చూడగలవు. 64 బిట్ల ఆర్మ్ కెర్నెల్‌కు అప్పటిదాకా 4 గిగాబైట్ల గీత ఒక్కటే తెలుసు. సూసే కంపెనీలో పనిచేసిన నికొలాస్ సాయెంజ్ జూలియెన్ ఈ పని నెత్తినేసుకున్నారు. 2020 జనవరిలో విడుదలైన లినక్స్ 5.5లో 1 గిగాబైటు దగ్గర మరో జోన్ వచ్చింది. కానీ అందులో ఒక ఇబ్బంది మిగిలింది. ఒక్క బోర్డు అవసరం కోసం లోకంలోని 64 బిట్ల ఆర్మ్ యంత్రాలన్నిటికీ, పెద్ద పెద్ద సర్వర్లకు కూడా, అదే గీత గీసేశారు. ఏడాది తరవాత 5.11లో దాన్ని సరిచేశారు. ఇప్పుడు బోర్డు తన వివరాలు చెప్పుకునే డివైస్ ట్రీ అనే ఫైలును కెర్నెల్ ముందే చదువుతుంది. అందులో డీఎంఏ రేంజెస్ అనే వరసలు ఉంటాయి, ఏ బ్రిడ్జి ఎంతవరకు చూడగలదో అవి చెబుతాయి. వాటన్నిటిలో అతి చిన్న హద్దు ఎంతో చూసుకుని గీత అక్కడ గీస్తుంది. హద్దులు లేని యంత్రంలో ఆ 1 గిగాబైటు గీత పడదు. పై 4 మీద గీత 1 గిగాబైటు దగ్గర పడుతుంది. బోర్డు నిజం చెప్పింది, కెర్నెల్ దాన్ని విన్నది. ఇంత చిన్న విషయానికి ఒకటిన్నర ఏడాది పట్టింది.

కాపీ చెయ్యడం వల్ల నెమ్మదించడం ఒక్కటే నష్టమని చాలాకాలం అందరూ అనుకున్నారు. 2022లో బయటపడిన లోపం వేరే సంగతి చెప్పింది. దాని నంబరు సీవీఈ 2022-0854. ఒక ప్రోగ్రాం డిస్క్ పరికరానికి నేరుగా ఒక ఆదేశం పంపి, జవాబు కోసం పెద్ద బఫర్ ఇచ్చిందనుకోండి. బఫర్ అందని చోట ఉంది కాబట్టి కెర్నెల్ కింద ఒక బౌన్స్ ముక్క ఇచ్చింది. పరికరం జవాబు చిన్నది, ముక్కలో కొంతభాగమే నింపింది. పని అయ్యాక కెర్నెల్ ముక్క మొత్తాన్నీ పైకి కాపీ చేసింది. నింపని భాగంలో ఏముంది? అంతకుముందు అదే ముక్కను వాడుకున్న మరొకరి డేటా. అది నేరుగా ఈ ప్రోగ్రాం చేతిలో పడింది.

దిద్దుబాటు చూస్తే మొదట వింతగా ఉంటుంది. పరికరం నుంచి లోపలికి వచ్చే డేటా కోసమైనా సరే, ముందు ప్రోగ్రాం సొంత బఫర్‌లో ఉన్నదాన్ని బౌన్స్ ముక్కలోకి కాపీ చేస్తారు. పరికరం నింపని చోట ప్రోగ్రాం పాత డేటానే మిగులుతుంది, ఇతరులది మిగలదు. నేరుగా డీఎంఏ జరిగి ఉంటే ఫలితం ఎలా ఉండేదో సరిగ్గా అలాగే ఉంటుంది. అందుకోసం ఇంకో కాపీ ఖర్చు భరించారు. సరైన నిర్ణయమే. చాటున చేసే పని చాటునే ఉండాలంటే, అది లేనప్పుడు ఏం జరిగేదో పూసగుచ్చినట్టు అదే జరగాలి.

ఐఓఎంఎంయూలు మామూలైపోయాక బౌన్స్ బఫర్ల అవసరం తగ్గిపోతుందని అనుకున్నారు. వాటికి మళ్లీ పని వచ్చింది. క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న యంత్రం మెమరీని దాని యజమాని కూడా చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతులు వచ్చాయి, ఏఎమ్‌డీ సెవ్, ఇంటెల్ టీడీఎక్స్ లాంటివి. అద్దెదారు మెమరీ మొత్తం తాళం కింద ఉంటే డిస్క్, నెట్‌వర్క్ దాంట్లోకి ఎలా రాస్తాయి? రాయలేవు. కాబట్టి తాళం వెయ్యని ఒక జాగా కావాలి. పాత స్విఓటీఎల్‌బీ అక్కడ సరిగ్గా సరిపోయింది. సెవ్ యంత్రాల్లో దానికి మొత్తం మెమరీలో 6 శాతం ఇస్తారు, 64 మెగాబైట్లకు తగ్గకుండా, ఒక గిగాబైటుకు మించకుండా. వచ్చిపోయే ప్రతి బైటూ ఆ జాగా మీదుగానే పోతుంది. ఇక్కడ పరికరానికి అడ్రసు అందక కాదు, అందనివ్వకూడదు గనుక.

ఇంతవరకూ అడ్రసుల పొడవు గురించే మాట్లాడుకున్నాం. బస్ పెట్టే ఇంకో రకం నిబంధన ఉంది, అది వెడల్పు గురించి. ఒకేసారి ఎన్ని బైట్లు ముట్టుకోవాలి అన్నది. దీని గురించి తక్కువమంది రాశారు. నాకు మాత్రం ఇదే ఎక్కువ ఆసక్తి.

డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ 1992లో ఆల్ఫా ప్రాసెసర్ తెచ్చింది. వేగం కోసం దాని రూపకర్తలు ఒక్క బైటును చదివే, రాసే ఆదేశాలనే తీసేశారు. 32 బిట్లు లేదా 64 బిట్లు, అంతే. మెమరీలో ఒక బైటు మార్చాలంటే ఎనిమిది బైట్లు తెచ్చుకుని, ఒకటి మార్చి, ఎనిమిదీ తిరిగి పెట్టాలి. మెమరీతో అయితే ఇది సరిపోతుంది. పరికరాలతో సరిపోదు, ఎందుకంటే పరికరంలోని రిజిస్టర్‌ను చదవడమే ఒక పని అవుతుంది. చదివితే లోపలి క్యూలోంచి ఒక బైటు బయటికి వచ్చేస్తుంది, లేదా ఒక జెండా దిగిపోతుంది. అందుకని ఆల్ఫా యంత్రాల్లో బస్ అడ్రసులను ఐదు బిట్లు ఎడమకు జరిపి, ఖాళీ అయిన కింది బిట్లలో ఎన్ని బైట్లు కావాలో రాసేవారు. పరికరం ఒక్క బైటుకు ప్రాసెసర్ వైపు 32 బైట్ల అడ్రసు ఖర్చు. 21164ఎ చిప్పులో బైటు ఆదేశాలు తిరిగి పెట్టారు. అవి లేని పాత ఆల్ఫాలకు లినక్స్ 2024లో వచ్చిన 6.10 వెర్షన్‌లో సెలవు ఇచ్చింది.

అదే జబ్బు కొత్త చిప్పుల్లోనూ కనిపిస్తుంది. మొదటి రాస్ప్‌బెర్రీ పై బోర్డులోని ఎస్‌డీ కార్డు కంట్రోలర్ తీసుకోండి. దాని రిజిస్టర్లను 32 బిట్ల చొప్పున మాత్రమే రాయాలి. ఎస్‌డీ ప్రమాణం ప్రకారం 12వ బైటు దగ్గర ట్రాన్స్‌ఫర్ మోడ్ అనే 16 బిట్ల రిజిస్టర్, 14వ బైటు దగ్గర కమాండ్ అనే 16 బిట్ల రిజిస్టర్ ఉన్నాయి. రెండూ కలిసి ఒకే 32 బిట్ల గదిలో ఉంటాయి. కమాండ్ రిజిస్టర్‌లో ఏదైనా రాయగానే కార్డుకు ఆదేశం వెళ్లిపోతుంది. మామూలు డ్రైవర్ ముందు ట్రాన్స్‌ఫర్ మోడ్ రాస్తుంది, తరవాత కమాండ్ రాస్తుంది. ఇక్కడ ట్రాన్స్‌ఫర్ మోడ్ రాయాలంటే మొత్తం గదిని చదివి, సగం మార్చి, మొత్తం తిరిగి రాయాలి. అలా చేస్తే కమాండ్ సగంలో ఉన్న పాత ఆదేశం మళ్లీ రాసినట్టే. కార్డుకు పాత పనే ఇంకోసారి వెళుతుంది.

డ్రైవర్ రాసినవాళ్లు తీసుకున్న దారి ఇది. ట్రాన్స్‌ఫర్ మోడ్ రాయమన్నప్పుడు హార్డ్‌వేర్‌ను ముట్టుకోరు, ఆ విలువను మెమరీలో ఒక వేరియబుల్‌లో దాచుకుంటారు. కమాండ్ రాయమన్నప్పుడు దాచిన విలువను, కమాండ్‌ను కలిపి ఒకే 32 బిట్లుగా ఒక్కసారి రాస్తారు. పై పొరలో ఉన్న సాధారణ ఎస్‌డీ కోడుకు రెండు వేరువేరు రాతలు జరిగినట్టే ఉంటుంది. కింద బస్ మీద ఒక్కటే జరిగింది. ఈ ఉపాయం పనిచెయ్యడానికి కారణం ప్రమాణమే. ఆదేశం పంపేముందు మోడ్ రాయాలని, పంపేది కమాండ్ రాతేనని అందులో స్పష్టంగా ఉంది. క్రమం తెలుసు కాబట్టి వాయిదా వెయ్యగలిగారు.

క్రమం ముందే తెలియని చోట ఈ ఉపాయం సాగదు. ప్రతి పీసీఐ పరికరానికీ కాన్ఫిగరేషన్ రిజిస్టర్లు ఉంటాయి. 4వ బైటు దగ్గర 16 బిట్ల కమాండ్ రిజిస్టర్, 6వ బైటు దగ్గర 16 బిట్ల స్టేటస్ రిజిస్టర్. స్టేటస్‌లో పొరపాట్ల చిట్టా ఉంటుంది. ప్యారిటీ తప్పింది అన్నదానికి ఒక బిట్, అడిగిన పరికరం జవాబు ఇవ్వలేదు అన్నదానికి ఇంకో బిట్. తప్పు జరిగినప్పుడు హార్డ్‌వేర్ ఆ బిట్‌ను 1 చేస్తుంది. చూసుకున్నాక సాఫ్ట్‌వేర్ దాన్ని చెరపాలంటే అక్కడ 1 రాయాలి. 0 రాస్తే ఏమీ కాదు. ఈ పద్ధతి వెనక తెలివి ఉంది. చూడని తప్పులు పొరపాటున చెరగకుండా కాపాడడానికే అలా పెట్టారు.

ఇప్పుడు 32 బిట్ల రాతలు మాత్రమే పంపగల బ్రిడ్జి ఒకటి వచ్చిందనుకోండి. కొన్ని ఆర్మ్ చిప్పుల్లో ఇవి నిజంగానే ఉన్నాయి. కెర్నెల్ కమాండ్ రిజిస్టర్‌లో ఒక్క బిట్ మార్చాలనుకుంది. గది మొత్తం చదివింది, కింది సగం మార్చింది, మొత్తం తిరిగి రాసింది. పై సగంలో స్టేటస్ చదివినప్పుడు ప్యారిటీ బిట్ 1గా ఉంది. అదే 1 తిరిగి వెళ్లింది. ఎవరూ చూడకుండానే తప్పు రికార్డు చెరిగిపోయింది. కార్డు ఎందుకు తడబడుతోందో తరవాత వెతికేవాళ్లకు ఆధారం ఉండదు.

స్టేటస్ ఒక్కటే అయితే పై సగాన్ని సున్నాలు చేసి రాయవచ్చు. కానీ కాన్ఫిగరేషన్ స్థలంలో ఏ బిట్ ఎలాంటిదో సాధారణ కోడుకు తెలియదు. కొన్ని చోట్ల సున్నా రాయడమే మార్పు, కొన్ని చోట్ల ఒకటి రాయడం. పరికరానికి పరికరానికీ తేడా. అందుకే లినక్స్ ఇక్కడ సరిచేసే ప్రయత్నం చెయ్యదు. చదివి, మార్చి, రాసి, "పక్కనున్న బిట్లు చెడిపోయి ఉండవచ్చు" అన్న హెచ్చరికను లాగ్‌లో పరికరం అడ్రసుతో సహా అచ్చేస్తుంది. ఆ హెచ్చరిక పెట్టిన ఇంజనీర్ల మీద నాకు గౌరవం. చెయ్యలేనిది చేసినట్టు నటించలేదు.

హార్డ్‌వేర్ వైపు దీనికి మందు చాలా చిన్నది. ఏ బైట్లను మార్చాలి, ఏవి ముట్టకూడదు అని చెప్పే నాలుగు బిట్లు పీసీఐ ఎక్స్‌ప్రెస్ కాన్ఫిగరేషన్ అభ్యర్థనలోనే ఉన్నాయి. అవతలి పరికరం వాటిని అర్థం చేసుకుంటుంది, ప్రమాణం ప్రకారం చేసుకోవాల్సిందే. ప్రాసెసర్ కూడా 16 బిట్ల రాత పంపగలదు. మధ్యలోని బ్రిడ్జి మాత్రం ఆ వివరాన్ని దాటనివ్వకుండా మింగేస్తోంది. హైదరాబాదులో చిప్పు డిజైన్ ఆఫీసులు చాలా ఉన్నాయి. అక్కడ ఇలాంటి బ్రిడ్జి మీద పనిచేసే కుర్రవాళ్లు, అమ్మాయిలు చిప్పుల డిజైన్ రాసే భాష వెరిలాగ్‌లో ఆ నాలుగు సిగ్నళ్లను ఒకవైపు నుంచి రెండోవైపుకు కలిపితే చాలు. మర్చిపోతే చిప్పు అచ్చయిపోయాక వెనక్కి తెచ్చే దారి లేదు, ఆ హెచ్చరిక ప్రతి యంత్రం లాగ్‌లోనూ ఆ చిప్పు ఉన్నన్నాళ్లూ పడుతుంది.